అద్దెకివ్వడానికి ఫ్లాట్ కొంటున్నారా?

"కిరాయి వస్తుంది సార్, దాంతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది." హైదరాబాద్‌లో ఫ్లాట్లు చూపించేవాళ్ల నోట ఈ మాట రాని రోజుండదు. వినడానికి బాగానే ఉంటుంది. మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి వైపు అయిదంతస్తుల మామూలు అపార్ట్‌మెంట్‌లో ఒక రెండు బెడ్‌రూముల పాత ఫ్లాట్ తీసుకుని కూడికలు, తీసివేతలు వేసి చూడండి, ఆ మాట నిలబడదు. నిలబడనంత మాత్రాన కొనకూడదని కాదు. కొని బాగుపడ్డవాళ్లు బోలెడంత మంది. కాకపోతే లాభం ఎక్కడ నుంచి రావాలో, అది వచ్చేదాకా నెలనెలా జేబులోంచి ఎంత పోతుందో తెలిసి దిగాలి. ఉండటానికి కొనుక్కునే ఇంటి లెక్క వేరు. ఇక్కడ చెప్పబోయేదంతా లోను తీసుకుని, కిరాయికి ఇవ్వడం కోసమే కొనే ఇంటి సంగతి.

ముందు కాగితం, పెన్ను

ఫ్లాట్లు చూడటానికి వెళ్లే ముందే ఈ పని చేయాలి. ఒకసారి ఇల్లు కంటికి నచ్చాక అంకెలు మనం చెప్పినట్టు వింటాయి.

ఉదాహరణకు 1,100 చదరపు అడుగుల ఫ్లాట్. ధర 60 లక్షలు, కిరాయి 18 వేలు అనుకుందాం. మీ ఏరియా అంకెలు మీరు వేసుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల దాకా ఉండే గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల మధ్య రుణానికి 80 శాతం వరకు, ఆపైన 75 శాతం వరకు బ్యాంకు ఇవ్వొచ్చు. మన ఫ్లాట్‌కి గరిష్ఠంగా 48 లక్షలు వస్తుంది, మిగతా 12 లక్షలు మనవి. చాలామంది లెక్క ఇక్కడే ఆగిపోతుంది. రిజిస్ట్రేషన్ ఖర్చుని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 7.5 శాతం. అంటే నాలుగున్నర లక్షలు. బ్రోకర్‌కి ఒక శాతం వేసుకుంటే 60 వేలు. బ్యాంకు ప్రాసెసింగ్, వకీలు ఫీజు, తనఖా పత్రం, ఇతరత్రా ఓ 50 వేలు. పాత ఫ్లాట్ కాబట్టి రంగులు, బాత్రూముల రిపేర్లు, దోమల మెష్, గీజర్లు, పాడైన కిచెన్ అరలు కలిపి 2 లక్షలకు తగ్గవు. మొత్తం 19 లక్షల 60 వేలు. 12 లక్షలు చాలనుకుని బయల్దేరినవాళ్లు మిగతా ఏడున్నర లక్షలకు పర్సనల్ లోనో, బంగారం మీద అప్పో వెతుక్కునేది ఇందుకే. అలా తెచ్చిన డబ్బుతో కిరాయి ఫ్లాట్ కొనడం నా దృష్టిలో వ్యాపారం కాదు, జూదం.

ఇక నెలవారీ లెక్క. 48 లక్షలు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఈఎంఐ 40,149 రూపాయలు. మొదటి నెల అందులో 32,000 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 8,149. ఇరవై ఏళ్లలో కట్టే వడ్డీ 48 లక్షల పైచిలుకు. అంటే తీసుకున్నంతా మళ్లీ వడ్డీగా కడుతున్నాం.

కిరాయి 18 వేలైనా పన్నెండు నెలలూ వస్తుందనుకోవద్దు. ఒకళ్లు ఖాళీ చేసి మరొకళ్లు దిగేలోపు ఏడాదికి సగటున ఒక నెల పోయిందనుకోండి. పదకొండు నెలలకు 1,98,000. అందులోంచి ఇంటి పన్ను, ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్స్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ ఖర్చులు తీసేస్తే 1,75,000 మిగిలితే మంచి సంవత్సరమే. నెలకు పద్నాలుగున్నర వేల చిల్లర. ఈఎంఐలోంచి తీసేస్తే నెలకు పాతిక వేల పైన జీతంలోంచి పెట్టాలి. ఈ పాతిక వేలే అసలు ధర. దాన్ని పదేళ్లు ఇబ్బంది లేకుండా పెట్టగలిగితేనే ముందుకు వెళ్లండి. ఆరు నెలల ఈఎంఐ, అంటే రెండున్నర లక్షలు, కదపకుండా పక్కన పెట్టుకోవాలి. ఉద్యోగం పోయిన నెలలోనే కిరాయివాళ్లు ఖాళీ చేయడం జరగని పని కాదు. ఒకే ఐటీ కంపెనీ తలుపులు మూస్తే ఇద్దరిదీ ఒకే రోజు పోతుంది.

మరి లాభం ఎక్కడ? ధర పెరుగుదలలో. పదేళ్లకు అమ్ముతామనుకుందాం. అప్పటికి 48 లక్షల ఈఎంఐలు కట్టినా ఇంకా 33 లక్షల బాకీ ఉంటుంది. కిరాయి ఏటా 5 శాతం పెరుగుతూ వచ్చినా, మొదటి రోజు పెట్టిందీ నెలనెలా పెట్టిందీ కలిపి మన జేబులోంచి 46 లక్షల దాకా పోయి ఉంటుంది. ఫ్లాట్ ధర ఏటా 3 శాతమే పెరిగితే, బాకీ, పన్ను, బ్రోకరేజీ పోను చేతికొచ్చేది 45 లక్షల లోపు. పెట్టింది కూడా తిరిగి రాదు. 5 శాతం పెరిగితే 59 లక్షల చిల్లర వస్తుంది, రాబడి ఏడాదికి 4 శాతం కూడా పడదు. పోస్టాఫీసు నయం. 8 శాతం చొప్పున పెరిగితే 87 లక్షలు చేతికొస్తాయి, రాబడి 9 శాతానికి దగ్గరకొస్తుంది. అంటే మీరు కొంటున్నది కిరాయిని కాదు, ఆ ఏరియా భవిష్యత్తుని.

ఏ ఫ్లాట్?

భవిష్యత్తుని కొంటున్నాం కాబట్టి గోడల కంటే నేలని ఎక్కువ చూడాలి. పత్రంలో మీ వాటాకు ఎన్ని గజాల అవిభాజ్య స్థలం రాశారో అడగండి. హైదరాబాద్‌లో అందరూ యూడీఎస్ అనేది దీన్నే. 500 గజాల్లో పది ఫ్లాట్లుంటే తలా 50 గజాలు. ముప్పై అంతస్తుల టవర్లో ఇంకా పెద్ద ఫ్లాట్‌కి కూడా అందులో సగం రాదు. క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ కిరాయిని పెంచుతాయి, మెయింటెనెన్సునూ పెంచుతాయి. పాతికేళ్ల తర్వాత అపార్ట్‌మెంట్ పడగొట్టి కడదామన్న మాటొచ్చినప్పుడు లెక్కకొచ్చేది మాత్రం ఆ గజాలే.

కిరాయి కోణంలో చూస్తే మెట్రోకి, కంపెనీ బస్సు ఎక్కే చోటుకి, స్కూలుకి నడిచి వెళ్లగలిగే ఫ్లాట్ ఖాళీగా ఉండదు. 2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మధ్య మెట్రో మొదలయ్యాక మియాపూర్ స్టేషన్ చుట్టుపక్కల ఇది కళ్లారా చూశాం. అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీ వెళ్లే కుర్రకారు ఆ నడక దూరానికి వెయ్యి, రెండు వేలు ఎక్కువ ఇవ్వడానికి వెనకాడరు.

ఫ్లాట్ చూడటానికి మే నెలలో వెళ్లండి, కుదరకపోతే కనీసం సాయంత్రం వేళ వెళ్లండి. బ్రోకర్ హాలు, బాల్కనీ చూపిస్తుంటే మీరు బాత్రూములో తలెత్తి సీలింగ్ చూడండి. పై ఫ్లాట్ బాత్రూము కారుతుంటే అక్కడ పసుపు పచ్చటి చార, ఉబ్బిన పుట్టీ, దాని మీద ఈమధ్యే వేసిన తెల్లరంగు అతుకు కనిపిస్తాయి. కొత్త రంగు అతుకు కనిపించిందంటే పాత చెమ్మ ఉన్నట్టే. బాత్రూము గోడకి అవతల వైపున్న బెడ్‌రూము గోడని కింద నుంచి అడుగు ఎత్తు దాకా వేలితో గీకి చూడండి. పొడి రాలితే టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయాల్సిందే. తర్వాత కిందికి దిగి వాచ్‌మన్ దగ్గర పది నిమిషాలు కూర్చోండి. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయా, వేసవిలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు తోలిస్తారు, బోరు ఎండిందా, లిఫ్ట్ ఎన్నాళ్లకోసారి ఆగుతుంది, మెయింటెనెన్స్ కట్టకుండా ఎగ్గొట్టేవాళ్లు ఎంతమంది... అమ్మేవాళ్లు చెప్పనివన్నీ అతనికి తెలుసు.

ప్రీలాంచ్ గురించి ఒక మాట. రెరా నంబరు రాకముందే, పునాది తవ్వకముందే, సగం ధరకే ఫ్లాట్ అంటూ మొత్తం డబ్బు ఒకేసారి కట్టించుకునే పథకాలివి. కేంద్ర రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టు రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. ఆ ధరలు చూసి ఆశపడి, ఏళ్ల తరబడి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు ఈ ఊళ్లో వేలల్లో ఉన్నాయి. వద్దు.

కాగితాల దగ్గర తొందర పనికిరాదు

ఇక్కడ పెట్టే ప్రతి గంటా లక్షలు మిగులుస్తుంది. బ్యాంకు వకీలు చూశాడు కదా అని ఊరుకోకండి. అతను చూసేది బ్యాంకు డబ్బు భద్రత. మీకోసం చూసే వకీలుని మీరే పెట్టుకోండి.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎక్కువ భాగం స్థల యజమానీ బిల్డరూ కలిసి కట్టినవి. వాళ్ల మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ ఉంటుంది, ఏ ఫ్లాట్ ఎవరి వాటాకి వచ్చిందో రాసిన సప్లిమెంటరీ అగ్రిమెంట్ ఉంటుంది. మీరు కొనేది ఎవరి వాటాలో ఫ్లాటో, దాన్ని మొదట అమ్మింది ఆ వాటాదారేనో కాదో ఈ రెండు కాగితాలు చదివితేనే తేలుతుంది. యజమాని వాటా ఫ్లాట్‌ని బిల్డర్ అమ్మేసిన కేసులు కోర్టుల్లో ఏళ్లూపూళ్లూ నడుస్తాయి. ఆ వెనక ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) చూడాలి. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లో 1983 నుంచి ఈసీ చూసుకోవచ్చు. అక్కడే నిషేధిత ఆస్తుల జాబితా కూడా ఉంటుంది, 22ఏ జాబితా అంటారు. మీ సర్వే నంబరు అందులో ఉందేమో వెతకండి.

తర్వాత అనుమతి. ప్లాన్ ఎన్ని అంతస్తులకు మంజూరైంది, కట్టింది ఎన్ని? నిజాంపేట 2019లో కార్పొరేషన్ అయ్యేదాకా గ్రామపంచాయతీ. ఆ కాలంలో కట్టిన భవనాల్లో అనుమతి కాగితం ఒక ఎత్తు చెబితే, నిలబడ్డ భవనం ఇంకో ఎత్తు ఉండటం కొత్తేమీ కాదు. పై అంతస్తు ఫ్లాట్ పక్కవాటి కంటే పది లక్షలు చవగ్గా వస్తోందంటే కారణం గాలీ వెలుతురూ కాదు. ఇంకో తిరకాసుంది. అనుమతి ఇచ్చేటప్పుడు కార్పొరేషన్, బిల్డర్ నిబంధనలు తప్పకుండా ఉండటానికి కట్టడంలో పది శాతాన్ని తన పేర తనఖా పెట్టించుకుంటుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడుదల చేస్తుంది. ఆ తనఖా విడిపించని ఫ్లాట్లే కొన్ని చేతులు మారుతుంటాయి. ఓసీ అడగండి, తనఖా రిలీజ్ డీడ్ అడగండి. ఓసీ లేకపోయినా అంతా నడిచిపోతోందిగా అంటారు. 2024 జులైలో ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి, చెరువుల పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్), బఫర్ జోన్లలో కట్టడాలు కూల్చడం మొదలుపెట్టాక ఆ ధీమా తగ్గింది. నిజాంపేట, బాచుపల్లి, అమీన్‌పూర్ పక్కనంతా చెరువులే. పక్కన చెరువుంటే దాని ఎఫ్‌టీఎల్ మ్యాపు తప్పక చూడాలి.

జీపీఏ మీద కొనడం మాట ఎవరైనా ఎత్తితే లేచి వచ్చేయండి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో ఆస్తి హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చిచెప్పింది.

బయానా, లోను, రిజిస్ట్రేషన్

కాగితాలు బాగున్నాయని వకీలు చెప్పాక బయానా ఇవ్వండి, ముందు కాదు. అగ్రిమెంట్‌లో ఒక వాక్యం తప్పనిసరిగా రాయించండి. టైటిల్‌లో లోపం వల్ల బ్యాంకు లోను నిరాకరిస్తే బయానా మొత్తం తిరిగివ్వాలని. ఈ వాక్యానికి ఒప్పుకోని అమ్మకందారుకి ఏదో సంగతి తెలుసు.

సగం వైట్, సగం బ్లాక్ బేరం ఇప్పటికీ నడుస్తోంది. దానివల్ల కొనేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. అగ్రిమెంట్‌లో తక్కువ రాస్తే లోను తగ్గుతుంది. రేపు అమ్మేటప్పుడు కొన్న ధర తక్కువగా కనిపించి పన్ను పెరుగుతుంది. ఆస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకున్నవాళ్లకి ఆదాయపన్ను శాఖ అంత మొత్తమూ జరిమానా వేయొచ్చు. రిజిస్ట్రేషన్లో మిగిలిన రూపాయి అక్కడ పోతుంది.

లోనుకి వెళ్లే ముందు సిబిల్ స్కోరు చూసుకోండి. 750 దాటితే వడ్డీలో బేరమాడొచ్చు. రెండు మూడు బ్యాంకుల నుంచి మంజూరు పత్రాలు తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూడండి. మంజూరు పత్రంతో పాటు లోనుకి ఇన్సూరెన్స్ అని ఓ లక్ష రూపాయల ఒకేసారి ప్రీమియం కలిపేసి, దాన్ని కూడా లోనులోనే వేస్తారు. చట్టరీత్యా అది తప్పనిసరి కాదు. ఆ డబ్బులో కొంతపెట్టి టర్మ్ పాలసీ తీసుకుంటే కుటుంబానికి అంతకంటే ఎక్కువ రక్షణ ఉంటుంది, బ్యాంకు మారినా పాలసీ మీతోనే ఉంటుంది.

2019 అక్టోబరు నుంచి బ్యాంకుల కొత్త ఫ్లోటింగ్ గృహరుణాలన్నీ రెపో లాంటి బయటి కొలమానానికి ముడిపడి ఉన్నాయి. రెపో పెరిగితే మన వడ్డీ పెరుగుతుంది. ఇందులో ఎంత ప్రమాదముందో 2022లో తెలిసింది. ఆ ఏడాది మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో 4 శాతం నుంచి 6.5కి ఎక్కింది. 7 శాతం వడ్డీకి 48 లక్షలు, 20 ఏళ్లకు తీసుకున్నవాళ్ల ఈఎంఐ సుమారు 37,200. వడ్డీ 9.5 అయ్యేసరికి నెల వడ్డీయే 38,000. అంటే ఈఎంఐ మొత్తం కట్టినా అసలు తగ్గకపోగా బాకీ పెరుగుతుంది! బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పెంచుకుంటూ పోవడంతో, ఇరవై ఏళ్ల లోను ముప్పై ఏళ్లయినట్టు చాలామందికి స్టేట్‌మెంట్ తీసి చూసుకున్నప్పుడుగానీ తెలియలేదు. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్న ఎంపిక రుణగ్రహీతకే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. 2025లో రెపో మళ్లీ 5.25కి దిగింది. దిగినప్పుడు ఆ తగ్గింపు మీ ఖాతాకి వచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. పాత ఖాతాదారులని బ్యాంకులు అడిగితే తప్ప తలుచుకోవు.

రిజిస్ట్రేషన్ రోజున పెద్దగా చెప్పడానికేం లేదు. స్లాట్ బుక్ చేసుకుని, సాక్షులతో వెళ్లి వేలిముద్రలు, ఫొటో ఇచ్చి రావడమే. బ్యాంకు మనిషి డీడీ తెచ్చి అమ్మకందారు చేతికిచ్చి, ఒరిజినల్ పత్రాలు తీసుకుపోతాడు. రెండు సంగతులు మాత్రం మరవొద్దు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు అందులో 1 శాతం టీడీఎస్ కోసి, ఆ నెల ముగిసిన 30 రోజుల్లోగా ఆదాయపన్ను శాఖకు కట్టాలి. మన ఉదాహరణలో 60 వేలు. అమ్మేవాళ్లు ఎన్ఆర్ఐ అయితే 1 శాతం కాదు, చాలా ఎక్కువ కోయాలి. కోయకపోతే బాధ్యత కొన్నవాళ్లది. అమ్మేవాళ్ల అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, పత్రం మాత్రం అతని పేరునే ఉంది అన్నప్పుడు ఆడిటర్‌ని అడక్కుండా ముందుకెళ్లకండి. రెండోది, ఇంటి పన్ను రికార్డులోనూ కరెంటు మీటరు మీదా పేరు మారిందో లేదో నెలలోపు చూసుకోండి. పాత యజమాని బకాయిలు ఫ్లాట్‌తో పాటే వస్తాయి. హైదరాబాద్‌లో ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాది పన్ను కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తారు, బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డిస్తారు.

టులెట్ బోర్డు కట్టాక

కిరాయి ఎంత చెప్పాలో అదే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఇద్దరిని అడిగితే తెలుస్తుంది. వెయ్యి రూపాయలు ఎక్కువ కోసం నెల రోజులు ఖాళీగా ఉంచితే, పోయిన 18 వేలు తిరిగి రావడానికి పద్దెనిమిది నెలలు పడుతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు నూటికి పది మంది కూడా ఉండరేమో! మంచి కుటుంబమో, బుద్ధిగా ఉద్యోగం చేసుకునే కుర్రాళ్లో వచ్చారంటే ఐదొందలు తగ్గించి అయినా ఇచ్చేయండి. "మీదేం కులం, మాంసం తింటారా" అన్న ప్రశ్నలతో ఇల్లు నెలల తరబడి ఖాళీగా పెట్టుకునేవాళ్లు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. తప్పు సంగతి అలా ఉంచండి, డబ్బుపరంగా చూసినా తెలివితక్కువే. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఎక్కడ పని, ఎంతమంది ఉంటారు, ఇంతకుముందు ఉన్న ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తున్నారు, ఆ ఇంటి ఓనరు ఫోన్ నంబరు ఇస్తారా? చివరి ప్రశ్నకి తడబడితే ఆలోచించుకోండి.

ఆన్‌లైన్‌లో ప్రకటన పెడితే మొదటి గంటలోనే ఆర్మీ ఆఫీసర్‌నంటూ ఫోన్ వస్తుంది. ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపిస్తానంటాడు, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటాడు. స్కాన్ చేస్తే డబ్బు రాదు, పోతుంది.

ఒప్పందం పదకొండు నెలలకు రాసుకోవడం మన దగ్గర వాడుక. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. అడ్వాన్స్ రెండు నెలలు. ఏటా పెంపు ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రంగులకు ఒక నెల కిరాయి పట్టుకునే పద్ధతి ఉంటే అది, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి... అన్నీ రాయండి. నోటిమాట అంతా అడ్వాన్స్ తిరిగిచ్చే రోజున వివాదమవుతుంది. ఆధార్, కంపెనీ ఐడీ కాపీలు తీసుకుని పోలీసు వెరిఫికేషన్ ఫారం ఇవ్వండి. తాళాలిచ్చే రోజున ఇద్దరూ కలిసి ఇల్లంతా ఫోన్లో వీడియో తీసి, ఆ వీడియోని అక్కడికక్కడే వాళ్లకి వాట్సాప్ చేయండి. ఫ్యాన్లు ఎన్ని, గీజర్లు ఎన్ని, కిచెన్ గట్టు మీద పగులు ముందే ఉందా, కరెంటు మీటరు రీడింగ్ ఎంత, అన్నీ అందులో కనపడాలి. రెండేళ్ల తర్వాత వాష్‌బేసిన్ పగులు ఎవరిదన్న గొడవ రాదు.

ఈ ఫ్లాట్ కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవండి. కిరాయి అందులోకే రావాలి, ఈఎంఐ, ఇంటి పన్ను, రిపేర్లు అందులోంచే పోవాలి. తగ్గింది జీతం ఖాతా నుంచి నెల మొదట్లో వేయండి. ఏడాది చివర స్టేట్‌మెంట్ తీస్తే ఫ్లాట్ ఎంత తింటోందో, ఎంత పెడుతోందో ఒక్క చూపులో కనిపిస్తుంది. ఆడిటర్‌కీ అదే ఇవ్వొచ్చు.

రిపేరు ఫోన్ వస్తే ఆ రోజే మనిషిని పంపండి. గీజర్ పనిచేయని ఇంట్లో నాలుగు రోజులు చన్నీళ్లు పోసుకున్నవాళ్లు ఐదో రోజు నుంచి వేరే ఇల్లు చూస్తుంటారు. ఒక ప్లంబర్, ఒక ఎలక్ట్రీషియన్ నంబర్లు కిరాయివాళ్లకే ఇచ్చేసి, వెయ్యి లోపు పని అయితే చేయించి బిల్లు పంపమనండి. అక్కడ ఉండకపోయినా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకి వెళ్లండి. నెలవారీ మెయింటెనెన్స్ కిరాయివాళ్లు కట్టినా, లిఫ్ట్ మార్చడం, బయట రంగులు, కొత్త బోరు లాంటి పెద్ద వసూళ్లు ఓనర్ల మీదే పడతాయి. రాని ఓనర్ల వంతు ఎప్పుడూ కాస్త ఎక్కువే పడుతుంది.

పన్నులు, ముందస్తు చెల్లింపు, ఆఖరి కాగితం

కిరాయి మీద పన్ను భయపడినంత ఉండదు. వచ్చిన కిరాయిలోంచి కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం, రిపేర్ల బిల్లులతో పనిలేకుండా, మినహాయిస్తారు. ఆపైన లోను వడ్డీ మొత్తం తీసేయొచ్చు. మన ఉదాహరణలో ఇంటి పన్ను ఐదు వేలనుకుంటే ఇవన్నీ పోను కిరాయి ఆదాయం 1.35 లక్షలు, మొదటి ఏడాది వడ్డీ 3.80 లక్షలు. అంటే 2.45 లక్షల నష్టం. పాత పన్ను విధానంలో ఇందులో 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోవచ్చు. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి 62,400 మిగులుతుంది. కొత్త విధానంలో ఈ నష్టాన్ని జీతంతో సర్దుకోనివ్వరు. పన్ను మిగులుతుందని రెండో ఇల్లు కొనే రోజులు కొత్త విధానంలోకి వెళ్లినవాళ్లకు పోయాయి. ఫ్లాట్ అమ్మేవాళ్లు మాత్రం ఆ పాటే పాడుతున్నారు. కిరాయి ఏడాదికి లక్ష దాటితే కిరాయివాళ్లు హెచ్ఆర్ఏ కోసం మీ పాన్ నంబరు అడుగుతారు, ఇవ్వండి. ఎలాగూ లెక్క చూపిస్తున్నాం కదా. విదేశాల్లో ఉండే ఓనర్లకి కిరాయి ఎంతైనా సరే, కట్టేవాళ్లు అందులోంచి 30 శాతానికి పైగా టీడీఎస్ కోయాల్సిందే. అమెరికా నుంచి ఫ్లాట్ కొంటున్నవాళ్లు దిగబోయేవాళ్లకి ఇది ముందే చెప్పాలి.

బోనస్ వచ్చినా, పీఎఫ్ వచ్చినా మొదట లోనుకి కట్టండి. ఏటా ఒక్క ఈఎంఐ అదనంగా కడితే ఇరవై ఏళ్ల లోనులో మూడేళ్లకు పైగా తగ్గిపోతుంది. వ్యక్తుల ఫ్లోటింగ్ రేటు గృహరుణాలకు ముందస్తు చెల్లింపు జరిమానా లేదు. కట్టినప్పుడు "ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి" అని రాసివ్వండి.

అమ్మదలచుకుంటే కొన్న 24 నెలల తర్వాత అమ్మండి. అప్పుడు లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జులై 23కి ముందు కొన్నవాళ్లకు మాత్రం ధరల పెరుగుదలని లెక్కలోకి తీసుకుని 20 శాతం కట్టే అవకాశం కూడా ఉంది, ఏది తక్కువైతే అది. వచ్చిన లాభాన్ని గడువులోగా ఇంకో ఇంటి మీద పెడితే ఆ మేరకు పన్ను ఉండదు.

అమ్మినా, ఉంచుకున్నా, లోను ముగిసిన రోజున మూడు పనులుంటాయి. బ్యాంకు నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్‌తో పాటు మీ ఒరిజినల్ పత్రాలన్నీ జాబితాతో సరిచూసి తీసుకోండి. లోను తీరిన 30 రోజుల్లోగా బ్యాంకు వాటిని ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన, 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా రిలీజ్ పత్రం రిజిస్టర్ చేయించండి. పత్రాలు చేతికొచ్చాయి కదా అని ఈ పని వదిలేసేవాళ్లు చాలామంది. వారం తర్వాత కొత్త ఈసీ తీసి అందులో రిలీజ్ ఎంట్రీ పడిందో లేదో చూడండి. అది పడేవరకు కొనడానికొచ్చినవాళ్ల ప్రతి వకీలుకీ మీ ఫ్లాట్ ఇంకా బ్యాంకు తనఖాలోనే కనిపిస్తుంది.